ప్లగ్గు లేని ఇంజను

మా వీధిలో గోడతో మాట్లాడే మనుషులు ఇద్దరుండేవారు. ఒకరు లేత్ మేస్త్రీ, రెండోవారు ఆయన సొంత అన్నగారు. ఇద్దరి ఇళ్ళ మధ్య గట్టిగా నూటయాభై అడుగులుండవు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడలేదు. తప్పనిసరై చెప్పవలసి వస్తే టీకొట్టు గోడ వైపు తిరిగి, "రేపు కుళాయి రాదని ఎవరైనా చెవిన వేసుకుంటే మంచిది" అని ఒకరనేవారు. "చెవులున్నవాళ్ళు విన్నారులే" అని రెండోవారు అదే గోడకు జవాబిచ్చేవారు. గోడ అందుబాటులో లేనప్పుడు నేను దొరికేదాన్ని. ఈ ఇంటి మాట ఆ ఇంటికి మోసీ మోసీ ఇద్దరి కోపాలూ నాకు కంఠతా వచ్చాయి. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం సగమే తెలుసు. సగం తెలిసిన సంగతి పంటిలో ఇరుక్కున్న పీచు లాంటిది. నాలుక ఊరుకోదు.

అన్నగారు పోయి ఇప్పటికి రెండు నెలలు దాటింది. ఇక్కడ నేను రాసేది తమ్ముడి గురించి.

ఆయనకు యాభై రెండేళ్ళు. వెదురు కర్రకు చొక్కా తొడిగినట్టుంటాడు. వీధి చివర రేకుల షెడ్డులో ఒక లేతు, ఒక డ్రిల్లింగు మిషను, గోడ పొడవునా చెక్కబల్ల, ఆ బల్లకు బిగించిన, ఇనుము పట్టి ఉంచే వైసు. అదే ఆయన ప్రపంచం. షెడ్డు నేలంతా ఇనుప తురుము. చెప్పులు లేకుండా వెళితే మళ్ళీ వెళ్ళరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకయ్యా అంటే "కొలత కుదరలేదు పిన్నిగారూ" అంటాడు, నవ్వకుండా.

వీధిలో అందరూ ఆయన్ని వెంట్రుకవాసి అంటారు. ఒకసారి మా వంటింటి తలుపుకు గడియ చేసిపెట్టమన్నాను. చేసి బిగించాడు. మర్నాడు వచ్చి విప్పి పట్టుకుపోయాడు. తెచ్చి బిగించాడు. మూడోనాడు మళ్ళీ వచ్చాడు.

"ఇంకా ఏమయ్యా?"

"వెంట్రుకవాసి తేడా ఉంది పిన్నిగారూ."

"గడియకి వెంట్రుకవాసి ఏమిటి నాయనా! లోపలికొచ్చే దొంగకి అదేమన్నా తెలుస్తుందా?"

"దొంగకి తెలీదు. నాకు తెలుస్తుంది."

ఆయన మాట అంతే. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు.

అన్నగారు పోయిన రోజున మేస్త్రీ వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మోయవలసినప్పుడు భుజం పట్టాడు, దించవలసినప్పుడు దించాడు. మర్నాడు పొద్దున్నే షెడ్డులో లేతు తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఊరుకోలేక వెళ్ళాను.

"ఏమయ్యా, కంట ఒక్క చుక్క రాలేదేం?"

చేతిలో ఉన్న ఇనుప కడ్డీని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఏమో పిన్నిగారూ. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూశారా. అలా ఉంది. తిమ్మిరి వదిలితే నొప్పి తెలుస్తుందేమో."

తిమ్మిరి వదిలిన జాడ మాత్రం నాకు కనబడలేదు. అలాగే పని చేశాడు, అలాగే తిన్నాడు. పలకరిస్తే పలికాడు, లేకపోతే లేదు.

ఆ తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వదినగారు చేతిలో బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా గేటు ముందు నుంచి నడిచి వెళ్ళింది. ఆమె ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికే అన్నదమ్ములకు మాటల్లేవు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. అలాంటిది నేరుగా షెడ్డు వైపు నడుస్తోంది. నేను ఇంట్లోకి పరుగెత్తి, మొండిదైపోయిన కత్తెర ఒకటి వెతికి పట్టుకుని, సాన పట్టించుకోవడానికన్నట్టు వెనకే బయలుదేరాను. కత్తెర కాకపోతే అట్లకాడైనా పట్టుకెళ్ళేదాన్ని.

షెడ్డులో ఇద్దరూ చెరో వైపు నిలబడి ఉన్నారు. మధ్యలో బల్ల, బల్ల మీద డబ్బా. నన్ను చూడగానే ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

"పిన్నిగారూ, ఇది ఎక్కడ దొరికిందో కనుక్కోండి" అన్నాడు మేస్త్రీ.

"ఆయన ట్రంకుపెట్టె అడుగున దొరికిందని చెప్పండి పిన్నిగారూ" అంది ఆమె.

మూడడుగుల దూరం. మధ్యలో నేను.

"దొరికిందిటయ్యా ట్రంకుపెట్టెలో. నీకు చెముడు లేదుగా" అని నేను డబ్బా మూత తీశాను.

లోపల మెత్తటి ఫ్లానెల్ గుడ్డ. గుడ్డలో గుప్పెట్లో ఇమిడిపోయే ఇనుప వస్తువు. కింది భాగం బూడిద రంగు పోత, రెండు పక్కలా చెవుల్లాంటి రేకలు, వాటికి బోల్టులు పట్టే రంధ్రాలు. పైన చుట్టూ గాడులున్న సిలిండరు. నెత్తిన చిన్న స్క్రూ, దానికి అడ్డంగా పుల్ల. ముందు నుంచి పొడుచుకొచ్చిన ఇరుసుకు సగం విరిగిన చెక్క ఫంకా.

పక్క షెడ్డు బైకు మెకానిక్కు మా గొంతులు విని సిగరెట్టుతో సహా తల లోపలికి పెట్టాడు.

"బొమ్మ విమానాల ఇంజను కదూ! అయ్యో, ప్లగ్గు ఎవడో పీకేశాడు మేస్త్రీ. ప్లగ్గు లేకపోతే మంట ఎక్కడిది? తూకానికి వేసుకోవడమే."

"దీనికి ప్లగ్గే లేదు" అన్నాడు మేస్త్రీ. "నొక్కుడుకే మండుతుంది. లోపల గాలిని ఎంత నొక్కితే అంత మండుతుంది."

"నొక్కేకొద్దీ మండే రకమా? అచ్చం మా అత్తగారు" అన్నాను. మెకానిక్కు పగలబడి నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వలేదు. వాడు వాళ్ళ మొహాలు చూసి, సిగరెట్టు ఆర్పేసి మెల్లగా జారుకున్నాడు.

మేస్త్రీ ఫంకాను వేలితో తిప్పాడు. ఏ అడ్డూ లేకుండా తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మిషను నూనె. ఎవరో ఏటా నూనె పెడుతున్నారు. లేకపోతే ఇంధనంలో కలిపిన పాత ఆముదం జిగురై ఎప్పుడో పట్టేసేది."

"ఆయనే" అంది వదినగారు నా వైపు చూసి. "ఏటా ఒకసారి ట్రంకుపెట్టె దించి గది తలుపు వేసుకునేవారు. ఏమిటంటే, పాత సర్టిఫికెట్లు చూసుకుంటున్నాననేవారు. పిన్నిగారూ, నాకు ఒక్కటే తెలియాలి. ఇది ఆ ఇంజనేనా, వేరేదా? అది కాదని చెప్పమనండి, వెళ్ళిపోతాను."

"ఏ ఇంజనమ్మా? మీరిద్దరూ ఎరిగున్నదేదో నాకూ చెప్పండి. ముప్ఫై ఏళ్ళ నుంచి మోస్తున్నాను, లోపలేముందో తెలియకుండా."

అప్పుడు మేస్త్రీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎవరో తెలియనివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

అన్నగారు కాలేజీ లాబరేటరీలో అటెండరు. అక్కడ పని మానేసి వెళుతున్న ఒక మాస్టారు ఈ రకం ఇంజను ఒకటి ఆయనకిచ్చి పోయారు. పేరూ ఊరూ లేని కంపెనీ, అప్పట్లో ఇలాంటివి వేలకు వేలు పోతపోశారు. అన్నదమ్ములిద్దరూ పలచటి చెక్కతో, కాగితంతో విమానం చేశారు. ఇంజను లోపల ఒక భాగం అరిగిపోయి ఉంది. నెత్తిన స్క్రూ ఉంది కదా, దాని కింద సిలిండరులో చిన్న బిళ్ళ ఉంటుంది. స్క్రూ బిగిస్తే బిళ్ళ దిగుతుంది, నొక్కుడు పెరుగుతుంది. వదులు చేస్తే లోపలి పేలుళ్ళే దాన్ని పైకి తంతాయి. అప్పటికి పంతొమ్మిదేళ్ళ తమ్ముడు లేతు పని నేర్చుకుంటున్నాడు. కొత్త బిళ్ళ తనే చేశాడు.

"అది నా మొదటి పని. అన్నయ్య వేసి తిప్పి చూసి, 'వెంట్రుకవాసి ఎక్కువ ఉంచావురా' అన్నాడు. చల్లగా ఉంటే బాగానే కదులుతుంది. వేడెక్కితే ఉబ్బి పట్టేస్తుంది. ఇంకోటి చేస్తానంటే వద్దన్నాడు. ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది."

రెండేళ్ళు ఎగరేశారు. ఆ విమానానికి తాడూ లేదు, రేడియో లేదు. మందుసీసా మూతతో ఒక్క మూత ఇంధనం పోస్తే ఇరవై సెకన్లు పైకి పోయి, ఇంజను ఆగి, గాలిలో జారుతూ దిగేది. ఒకనాడు అన్న డ్యూటీలో ఉండగా తమ్ముడు ఒక్కడే మైదానానికి పట్టుకెళ్ళాడు. ఎగిరింది, ఎగిరింది, చెట్లు దాటింది, చుక్కయింది, పోయింది. చీకటిపడే దాకా వెతికి ఒట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

"ఎంత పోశావన్నాడు. ఒక్క మూతన్నాను. ఒక్క మూతకి కంటికి కనబడనంత దూరం పోదన్నాడు. అబద్ధం చెబుతున్నావు, ఎవడికో అమ్ముకున్నావన్నాడు. ఆ వారమే మా ఓనరు తన పాత సైకిలు నాకిచ్చాడు. అది చూసి 'ఇదిగో, ఇదీ సంగతి' అన్నాడు. నేను దొంగనన్నాడు కదా, ఇంక మాటేముంది."

"ఇంతేనా?" అన్నాను. నోరు జారాక తెలిసింది, అనకూడని మాట.

"ఇంతే" అన్నాడు.

వదినగారు బల్ల అంచు పట్టుకుంది.

"ఆయన కూడా నాకు ఇదే చెప్పారు. తమ్ముడు అమ్ముకున్నాడనే చెప్పారు. పోయే రోజు దాకా అదే మాట. అందుకే అడుగుతున్నాను పిన్నిగారూ. ఇది వేరే ఇంజనైతే, ఆయన పాపం పొరపాటు పడ్డారు, మనసు చంపుకోలేక అలాంటిదే ఇంకోటి తెచ్చుకుని దాచుకున్నారు. ఇది అదే అయితే..."

అయితే ఏమిటో నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మేస్త్రీ విడమరిచాడు.

"రెక్క మీద అన్నయ్య పేరూ ఇంటి నంబరూ రాసి ఉన్నాయి. ఏ పొలంలోనో దొరికితే దొరికినవాడు అన్నయ్యకే తెచ్చిస్తాడు. అంటే నేను అమ్ముకోలేదని ఆయనకి తెలుసు. తెలిసీ..."

ఆగిపోయాడు. వాక్యం పూర్తి చేయకపోవడం ఆయనకు అలవాటు లేని పని.

"నీకు ఏది కావాలయ్యా? అదే కావాలా, కాకూడదా?" అని అడిగేశాను.

"నాకేదీ అనిపించట్లేదు పిన్నిగారూ. ఏదో ఒకటి తెలియాలి. అంతే."

ఫ్లానెల్ గుడ్డ పరిచి ఇంజనును దాని మీద పెట్టాడు. వర్నియరు కొలబద్ద తీసి సిలిండరు కొలిచాడు, ఇరుసు కొలిచాడు, చెవుల్లో రంధ్రాల మధ్య దూరం కొలిచాడు. ప్రతి కొలతా సుద్దముక్కతో బల్ల మీద రాశాడు. గాలి పీల్చే గొట్టం వెనక వైపుందా, పొగ వదిలే రంధ్రాలు ఎన్ని, అన్నీ చూశాడు. చెవి అడుగున చెక్కిన నంబరు భూతద్దంలో చదివాడు. ఆ నంబరు ఆ రోజుల్లో ఇద్దరిలో ఎవరూ రాసిపెట్టుకోలేదట.

"రకం అదే. సైజు అదే. కానీ ఇలాంటివి వేలున్నాయి."

తరువాత ఇంధనం పోయే సన్నటి గొట్టం దగ్గర సూదిలాంటి స్క్రూ విప్పాడు. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది కంపెనీ సూది. మా దానికి అసలు సూది విరిగిపోతే కుట్టుమిషను సూది అతికించుకున్నాం. ఇందులో అది లేదు."

వదినగారు కళ్ళు మూసుకుని తెరిచింది. "అయితే కాదన్నమాట. పిన్నిగారూ, కాదంటున్నారు." డబ్బా మూత చేతిలోకి తీసుకుంది. నిజం చెప్పాలంటే నాకూ గుండె తేలికపడింది. పోయిన మనిషి పొరపాటు పడ్డాడనుకోవడం బతికున్నవాళ్ళకు సులువు.

మేస్త్రీ కూడా అక్కడితో ఆపవచ్చు. సూది వేరే, ఇంజను వేరే అంటే ఎవరు కాదంటారు? సూదిని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆగండి వదినా."

ఆ పిలుపు నా మీదుగా పోలేదు. ఆమె వెనక్కి తిరిగి, ఎవరిని పిలిచారో అన్నట్టు చుట్టూ చూసింది.

"సూది మార్చుకోవచ్చు. దొరికాక మార్పించి ఉండవచ్చు. బిళ్ళ మాత్రం మార్చడు. అరిగిన పాతది ఊడొచ్చింది గాని, నేను చేసినదాన్ని బయటికి తీయాలంటే సిలిండరు పాడుచేయాలి."

"అయితే విప్పి చూడు" అన్నాను.

"విప్పితే తెలీదు. ముప్ఫై ఏళ్ళ మసి పట్టిన ఇనుము, ఎవరు చేసినా ఒకలాగే ఉంటుంది. తిప్పితే తెలుస్తుంది. బాగా వేడెక్కాక స్క్రూ వదులు చేస్తే కంపెనీ బిళ్ళ వెంటనే పైకొస్తుంది, ఇంజను గొంతు మారుతుంది. నాదైతే రాదు. పట్టుకుని అక్కడే ఉంటుంది."

వదినగారు చేతిలో మూతను చూసుకుంది. "తిప్పకపోతే ఏం?"

"ఏమీ లేదు" అన్నాడు. "మీరు వద్దంటే తిప్పను."

ఆమె వద్దనలేదు. సరేనని కూడా అనలేదు. డబ్బా మూత బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా మేస్త్రీ ఇంధనం సమకూర్చుకున్నాడు. కిరసనాయిలు షెడ్డులో ఉంది. ఆముదం మా ఇంట్లోంచి నేనే పట్టుకెళ్ళాను.

"ఇది తలకి రాసుకునేదయ్యా. నీ ఇంజనుకి జుట్టు పెరుగుతుందేమో చూసుకో."

"మంచి ఆముదమే" అన్నాడు వేళ్ళ మధ్య రాసి చూసి. నా హాస్యం ఆ షెడ్డులో ఇనుప తురుములాగా కింద పడిపోయేది.

మూడోది ఈథరు. కాలేజీ లాబరేటరీలో అన్నగారితో పనిచేసిన ఆయన చిన్న సీసాతో తెచ్చిచ్చాడు. మూత తీయగానే ఆసుపత్రి గది వాసన గుప్పుమంది. మేస్త్రీ మొహం ఒక్క క్షణం పక్కకు తిప్పుకున్నాడు. ఏమయ్యా అంటే, "అన్నయ్య చొక్కాలకి ఈ వాసనే ఉండేది" అన్నాడు. మూడూ సమపాళ్ళలో కలిపి సీసాకు బిరడా బిగించాడు.

ఆదివారం వదినగారు ముందే వచ్చి స్టూలు మీద కూర్చుంది. మేస్త్రీ దిమ్మలాంటి చెక్కకు ఇంజనును బోల్టులతో బిగించి, ఆ చెక్కను వైసులో బిగించాడు. విరిగిన ఫంకా తీసి, తను చెక్కిన కొత్త ఫంకా పెట్టాడు. బైకు మెకానిక్కు సిగరెట్టు లేకుండా వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. "ఈథరుకి నిప్పు దూరం నుంచే తగులుకుంటుంది. తాగితే మీ షెడ్డులో తాగు" అని ముందే చెప్పి ఉంచాడు మేస్త్రీ.

చిన్న ట్యాంకులో మందుసీసా మూతతో ఒకటి, రెండు, మూడు, నాలుగు మూతలు పోశాడు.

"ఒక్క మూతే కొలతన్నావు?" అన్నాను.

"ఒక్క మూతకి వేడెక్కదు."

సూది రెండు చుట్లు తెరిచాడు. గాలి గొట్టాన్ని వేలితో మూసి, ఫంకాను రెండుసార్లు మెల్లగా తిప్పి ఇంధనం లాగించాడు. వేలు తీసి, చూపుడువేలితో ఫంకాను గట్టిగా కొట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు. స్క్రూ కొంచెం బిగించి మళ్ళీ. ఒకసారి ఫంకా ఎదురు తన్నింది. వేలు చిట్లి రక్తం వచ్చింది. చూసుకోలేదు. ఇరవై సార్లు, ముప్ఫై సార్లు. వదినగారు ఆయన వేలి వైపు కాక స్క్రూ వైపే చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోందో, వద్దు వద్దనుకుంటోందో తెలియదు.

టప్ మంది. నీలంగా చిన్న పొగ. మళ్ళీ టప్, టప్. స్క్రూ మరికాస్త బిగించి కొట్టాడు. ఒక్కసారిగా ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు గుయ్యిమని మారుమోగాయి. ఫంకా కనబడకుండా పోయింది. బల్ల మీది సుద్దరాతలు గాలికి చెదిరాయి. ఆముదం తుంపర నా కళ్ళద్దాల మీద పడింది. గుప్పెడంత వస్తువుకు అంత గొంతు ఎక్కడిదో!

మేస్త్రీ సూదిని సరిచేసి, గోడ గడియారం వైపు తిరిగాడు. ఒక నిమిషం పోనిచ్చాడు. గొంతు బరువెక్కింది. కొండెక్కుతున్న బండిలా మూలగసాగింది. ఆయన నెత్తి మీది స్క్రూ పుల్లను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. వదినగారు లేచి నిలబడింది. పుల్లను పావుచుట్టు వెనక్కి తిప్పాడు. సగం చుట్టు. మొత్తం ఒక చుట్టు.

గొంతు మారలేదు.

పుల్ల వదులుగా ఊగుతోంది. ఇంజను మాత్రం అదే బరువుతో మూలుగుతోంది. లోపల బిళ్ళ పట్టుకున్న చోటే పట్టుకుని ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యి, రెండుసార్లు దగ్గి, ఇంజను ఆగింది. ఆ తరువాత చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు.

"అదే వదినా" అన్నాడు మేస్త్రీ.

ఆమె కూర్చుంది. "అయితే ఆయనకి తెలుసు."

"తెలుసు."

"తెలిసీ నాకు అమ్ముకున్నాడనే చెప్పారు. ఇన్నేళ్ళు అన్నం పెట్టేటప్పుడు, పడుకునేటప్పుడు... ఈ వీధిలోనే తమ్ముడు ఉన్నాడని తెలిసీ. ఎందుకు చెప్పలేదు? వచ్చి ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

అది ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న కాదు. అయినా మేస్త్రీ జవాబు చెప్పాడు.

"నేను ఆ రోజు రెండు మూతలు పోశాను."

నాకు వెంటనే తట్టలేదు.

"ఎంత ఎత్తు పోతుందో చూద్దామని రెండు పోశాను. ఇంటికొచ్చి భయపడి ఒక్కటన్నాను. అన్నయ్య లెక్క తప్పలేదు. ఒక్క మూతకి అంత దూరం పోదు. నేను అబద్ధం చెబుతున్నానని సరిగ్గానే పట్టుకున్నాడు. ఏ అబద్ధమో ఒక్కటే తెలీలేదు. దొంగ అన్నాక ఇంక రెండు మూతలని చెప్పబుద్ధి కాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఆయనకి ఇంజను దొరికాక ఆయనా అలాగే అనుకుని ఉంటాడు. మొదటి రోజు చెప్పనిది పదో రోజుకి ఇంకా బరువవుతుంది వదినా. తరువాత బరువు కూడా తెలీదు."

ఇదంతా వేలి మీది రక్తం గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. లేతు మీద పని ఎలా చేయాలో చెప్పినట్టే చెప్పాడు. గుమ్మంలో మెకానిక్కు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వదినగారు చెయ్యి చాచి ఇంజనును పట్టుకుంది. సిలిండరును గుప్పిట్లో బిగించి పట్టుకుని అలాగే నిలబడింది. ఒకటి, రెండు, మూడు క్షణాలు.

"వదినా, కాలుతుంది!"

ఆయన ఆమె మణికట్టు పట్టి లాగితే గాని చెయ్యి వదలలేదు. అరచేతిలో సిలిండరు గాడులు ఎర్రగా వరసలు తేలాయి. ఆమె ఆ చేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకుంది. "తెలీలేదు" అంది. షెడ్డు బయట కుళాయి కింద ఆయన ఆ చెయ్యి పట్టుకుని నీళ్ళు పోశాడు. నేను చీరకొంగు తడిపి చుట్టాను. ముప్ఫై ఏళ్ళు నేను మోసిన మాటలన్నిటికీ అప్పుడు బరువు తెలిసింది. ఒక్కటీ అసలు మాట కాదు.

లోపలికొచ్చాక ఆమె మళ్ళీ అదే స్టూలు మీద కూర్చుంది.

"ఇంకోసారి తిప్పుతావా మరిదీ?"

"ఇంకెందుకు వదినా? అదేనని తెలిసిపోయిందిగా."

"నేను చప్పుడు వినలేదు. అదా కాదా అని స్క్రూనే చూస్తూ ఉన్నాను. ఆయన ఏటా తలుపు వేసుకుని పట్టుకు కూర్చున్నది దేన్నో, దాని గొంతు ఎలా ఉంటుందో వినలేదు."

మేస్త్రీ ట్యాంకు మూత తీసి ఇంధనం పోశాడు. ఫంకా మీద వేలు పెట్టి కదిపి చూశాడు. కదల్లేదు. ఇంకాస్త నొక్కితే వెనక్కి తన్నింది.

"బిళ్ళ ఇంకా దిగే ఉంది. ఇప్పుడు కొడితే వేలు విరుగుతుంది. చల్లారితే గాని పైకి రాదు."

"ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేం."

"కూర్చుంటాను" అంది.

ఆయన ఇంకో స్టూలు లాక్కుని బల్లకు ఇవతలి వైపు, ఆమె పక్కన కూర్చున్నాడు. నేను తలుపు చెక్కకు ఆనుకున్నాను. కాస్సేపటికి ఆయన చెయ్యి చాచి, తగిలించకుండా సిలిండరుకు దగ్గరగా పెట్టి చూశాడు.

"చల్లారిందా?" అంది ఆమె.

"ఇంకా లేదు."